ఎడారి మట్టిదారుల్లో 12 వోల్టుల గాలి పంపు: చాలాకాలం వాడిన తరువాత

జైసల్మేర్ జిల్లాలో గాలిమరల నిర్వహణ పనిమీద ఉంటున్న నాకు, సీటు వెనుక ఈ చిన్న గాలి పంపు లేకుండా రామ్‌గఢ్ దాటి మట్టిదారి పట్టే ధైర్యం ఇప్పటికీ లేదు. దాని వాటేజీ, బరువు పెట్టె మీదే ఉంటాయి కనుక ఆ జోలికి పోను. నాకు నచ్చినదల్లా, అది ఉందన్న ధీమాతో టైర్లలో గాలి తీసేయగలగడం.

తారు రోడ్డు మీద 32 పాయింట్లు ఉన్న గాలిని ఇసుక మొదలయ్యే చోట 18కి దించితే, టైరు నేలకు ఆనే భాగం పొడవుగా సాగి, బండి బరువు ఎక్కువ మేర పరుచుకుని, చక్రం తన గొయ్యి తానే తవ్వుకోవడం మానేస్తుంది. మరీ 12 దాకా దించి బండిని గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము వదిలే ప్రమాదముంది. రేకుల కప్పులా అడ్డంగా మడతలు పడిన కంకర దారిమీద 25 దగ్గర ఉంచితే డాష్‌బోర్డు గలగలలు తగ్గుతాయి, సాయంత్రానికి నడుము కూడా చెప్పినట్టు వింటుంది. ఇవన్నీ ఇక్కడి డ్రైవర్లకు కొత్త సంగతులు కావు. కానీ తీసిన గాలి తిరిగి కొట్టించుకోవడానికి పంక్చరు షాపు ఎక్కడో ఉన్నప్పుడు ఎవరు తీస్తారు? నిండు గాలితోనే ఇసుకలోకి దూకించి, దిగబడ్డాక పార తీయడమే మా బండ్లకు అలవాటుగా ఉండేది.

మొదటి చలికాలమంతా దీన్ని కనబడిన సహోద్యోగికల్లా సిఫారసు చేశాను. మే నెల వచ్చాక ఆ సిఫారసుకు కొన్ని షరతులు చేరాయి. ఒక మధ్యాహ్నం, నాలుగైదు ఇళ్ల ఢాణీ ఒకటి దాటి తారు అంచుకు చేరి గాలి ఎక్కిస్తుండగా, మూడో టైరు సగంలో పంపు వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. మోటారు కాలిపోకుండా చేసిన ఏర్పాటు అది, దాన్ని తప్పుపట్టను. ఖేజ్రీ, అంటే మన జమ్మి చెట్టు, పలచని నీడలో పెట్టి చల్లారనిచ్చాక మళ్లీ తిరిగింది. నాలుగో టైరుకు బిగించిన కాసేపటికి మాత్రం, పంపు నుంచి గొట్టం బయలుదేరే ఇత్తడి నాజిల్ దగ్గర రబ్బరు మెత్తబడి, టప్పుమని ఊడిపోయింది. వెంట ఉన్న స్థానిక డ్రైవరు ఏమీ మాట్లాడకుండా మెత్తబడిన కొసను బ్లేడుతో కోసి, మిగిలిన గొట్టాన్ని నాజిల్ మీదికి నెట్టి, కంచె తీగ ముక్కతో బిగించి చుట్టాడు. దానితోనే మెల్లగా రామ్‌గఢ్ చేరేంత గాలి ఎక్కింది. తరువాత హార్డ్‌వేర్ కొట్లో కొన్న స్క్రూ క్లిప్పు ఇప్పటికీ పట్టు వదలలేదు. పెట్టె మీద ఇసుక తిన్నెల బొమ్మ అచ్చువేసిన తయారీదారుకు, ఆ పాటి క్లిప్పు వేయాలని తోచకపోవడమే నా కోపం.

ధూళి తుపాను వచ్చి పోయిన ప్రతిసారీ గాలి పీల్చే వైపున్న స్పంజి దులుపుకోవాలి. సిగరెట్ లైటర్ సాకెట్టు ఫ్యూజు ఇంత కరెంటును భరించదు కనుక, పంపు కరెంటు తీగల క్లిప్పులు నేరుగా బ్యాటరీకే తగిలించాలి.

నాది తేలికపాటి జీపు, వారంలో కొన్నాళ్లే ఇసుక దారి. ఆ మేరకు ఇది చాలు. మా అనంతపురం జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక మేటల్లో తిరిగేవారికీ సరిపోవచ్చు. బరువైన బండి ఉన్నవారు, ఎండాకాలంలో రెండు టైర్లకొకసారి పంపుకు విశ్రాంతి ఇచ్చే ఓపిక లేనివారు, రెండు సిలిండర్ల పెద్ద పంపు చూసుకోవడం మేలు. దాని మంచిచెడ్డలు వాడినవారే చెప్పాలి.