సైక్లింగ్ వీక్లీ: పాత సంచికలకే నా ఓటు

1891లో ‘సైక్లింగ్’ పేరుతో లండన్‌లో మొదలైన బ్రిటిష్ వారపత్రిక ఇది. పాత సంచికల్లో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే రేసు) ఫలితాలదే పెద్దపీట. నిమిషానికొకరు బయల్దేరడం, నల్ల బట్టలు, పోలీసుల కంట పడకుండా రూట్లకు రహస్య సంకేతాలు! 1942లో పెర్సీ స్టాలార్డ్ అనే సైకిల్ రేసర్ వేల్స్‌లోని లాంగోలెన్ నుంచి ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌కు, అందరూ ఒకేసారి బయల్దేరే గుంపు రేసు పెడితే పత్రిక ఆయన పక్షాన నిలబడలేదు. 1957లో పేరుకు ‘మోపెడ్స్’ తగిలించుకుని సైకిల్ పాఠకులను దూరం చేసుకుంది. చేజేతులా చేసుకున్నదే.

ఇప్పుడు పత్రిక బలం సైకిల్ సామాన్ల పరీక్షల్లో ఉంది. ఒకప్పుడు 23 మి.మీ. టైరులో 100 పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడి కొలత) పైగా గాలి కొట్టమనేవాళ్లు. ఇప్పుడు 28 మి.మీ., 75 కిలోల మనిషికి 70 దరిదాపులు. కారణం సూటిగా ఉంటుంది: రాయిలా బిగిసిన టైరు గతుకుల మీద ఎగిరెగిరి పడుతుంది, తొక్కిన బలం ఆ కుదుపులకే పోతుంది. గాలి మరీ తగ్గిస్తే గుంతలో ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి, పాము కాటులా రెండు చిల్లులు పడతాయి.

కొత్త బండ్ల సమీక్షలు మాత్రం చప్పగా ఉంటాయి, ఈ పత్రికలన్నిటిదీ అదే వరస. బరువు, ధర చెబుతారు. బ్రేకు ఆయిల్ గొట్టాలు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగుల చోటు) లోంచి పోయే బండిలో కింది బేరింగ్ మార్చాలంటే గొట్టం ఊడదీసి, మళ్లీ ఆయిల్ నింపి, బుడగలు తీయాలి. పది నిమిషాల పనికి పూట గడిచిపోతుంది. కొనేవాడికి కావాల్సింది ఆ ముక్క.