డెషూట్స్‌లో మూడు రోజులు, సంచిలో మూడు లైన్లు

చేపలు పట్టే రెండు చేతుల ఫ్లై రాడ్డు కొనడం తేలికే. ఎవరో వాడినది అమ్ముతుంటే 13 అడుగులది, 7 వెయిట్ (రాడ్డు బలం చెప్పే నంబరు), చవగ్గా వస్తోందని కొనేశాను. ఆ తర్వాత లైన్ కోసం వెతకడం మొదలుపెడితే స్కాజిట్ అంటారు, స్కాండి అంటారు, గ్రెయిన్లు అంటారు, టి-11 అంటారు, బుర్ర తిరిగిపోయి చివరికి రాడ్డు మీద 7 అని ఉంది కదా అని 7 నంబరు మామూలు ట్రౌట్ లైన్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, అదే రీలుకు చుట్టుకుని కిందటి సెప్టెంబరు చివర్లో సియాటిల్ నుంచి ఒరెగాన్‌లోని డెషూట్స్ నదికి స్టీల్‌హెడ్ అనే చేప కోసం బయల్దేరాను. తోడు మా బావ. ఆయనకు చేపలు తినడం మాత్రమే వచ్చు.

యాకిమా, గోల్డెన్‌డేల్ మీదుగా కొలంబియా నది దాటి మాపిన్ అనే చిన్న ఊరు చేరేసరికి ఐదు గంటలు పట్టింది. ఆ ఊరు ఉన్న వాస్కో కౌంటీలోనే 1980ల్లో రజనీష్ శిష్యులు కట్టిన రజనీష్‌పురం ఉండేదని చెప్పడం నా తప్పు, మా బావ మూడు రోజులూ "అటు ఒకసారి పోయొద్దాం రా" అని వదల్లేదు. పోలేదు.

మొదటి రాత్రి ఊళ్లోనే ఒక మోటెల్. బుకింగ్‌లో నది కనిపించే గది అన్నారు, కిటికీ తెరిస్తే మా కారే కనిపించింది. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు బాగా వచ్చాయి, కానీ తడిసిన వేడర్లు (నదిలో దిగేటప్పుడు వేసుకునే, నీళ్లు చొరని ప్యాంట్లు) ఆరేసుకోవడానికి చోటు అడిగితే అదేదో వింత కోరికలా చూశారు. బాత్రూంలో కర్టెన్ కడ్డీకి వేలాడదీస్తే తెల్లారేసరికి నేలంతా నీళ్లు. చేపల కోసమే జనం వచ్చే ఊళ్లో కనీసం వరండాలో ఒక కొక్కెం పెట్టొచ్చు కదా. ఆ రేటుకు ఇంకోసారి వెళ్లను.

అంతకుముందు, ఊరు చేరిన రోజే నదిలో దిగి ఆ ట్రౌట్ లైన్ విసిరితే ఇరవై అడుగులు కూడా పోలేదు, పోయినదీ గాలికి ముద్దలా నా ముందే పడింది. గంటసేపు కుస్తీ పట్టి, సిగ్గు చంపుకుని ఊళ్లో ఉన్న ఫ్లై షాపుకు వెళ్లాను. కౌంటర్ దగ్గరున్నాయన రీలు చూసి నవ్వలేదు, అది ఆయన మంచితనం. అసలు సంగతేమిటంటే ఒంటిచేతి రాడ్డు 7కీ, రెండు చేతుల రాడ్డు 7కీ చుట్టరికం లేదు. ఒంటిచేతి 7 లైన్‌లో ముందు 30 అడుగులు 185 గ్రెయిన్లు తూగుతాయి, అంటే 12 గ్రాములు. నా రాడ్డు వంగాలంటే 450 నుంచి 550 గ్రెయిన్లు కావాలి. గ్రెయిన్ అంటే మరేం లేదు, కంసాలి తూచే గురివింద గింజ ఎత్తులో సగం అనుకోండి, 7000 అయితే ఒక పౌండు.

చిన్నప్పుడు కాలవ గట్టున వెదురు కర్రకు తంగూసు కట్టి, బెండు, సీసం గుండు పెట్టి, వానపాము గుచ్చి వేసేవాళ్లం. అక్కడ బరువంతా సీసంలో ఉంటుంది, దారం దాని వెంట పోతుంది. ఫ్లైకి బరువే ఉండదు, ఈకలూ వెంట్రుకలూ చుట్టిన గాలం అంతే. అందుకని ఇక్కడ బరువు లైన్‌లోనే పెడతారు, చర్నాకోల ఝళిపించినట్టు లైన్ విచ్చుకుంటూ పోయి చివర ఫ్లైని దింపుతుంది. ఇంత చిన్న విషయం ఎవరైనా మొదటే చెప్పి ఉంటే నాకు డబ్బులు మిగిలేవి.

ఆయన నన్ను నది ఒడ్డుకు తీసుకెళ్లి, షాపు లైన్లే మూడు మార్చి మార్చి వేయించాడు, ఒక్క డాలరు అడగలేదు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు నచ్చిన సర్వీసు ఇదే. ముందు స్కాండి, 460 గ్రెయిన్లు, 34 అడుగులు. ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది, చివర పొడవాటి లీడరు, అంటే ఫ్లై కట్టే సన్నటి తంగూసు. నీళ్ల మీద చప్పుడు లేకుండా వాలుతుంది, చిన్న ఫ్లైలకు, తేలే లైన్‌తో పట్టడానికి ఇదే. తర్వాత స్కాజిట్, 525 గ్రెయిన్లు, పొడవు 23 అడుగులే. పొట్టిగా లావుగా ఉంటుంది, చూడ్డానికి అందం లేదు, కానీ ముందు బరువైన మునిగే టిప్ (లైన్ కొసకు తగిలించే ముక్క) కట్టినా, తడిసిన కోడిపిల్లంత ఫ్లై కట్టినా నీళ్లలోంచి పెకలించి విసిరేస్తుంది. వాషింగ్టన్‌లోని స్కాజిట్ నది మీద చలికాలం స్టీల్‌హెడ్ పట్టేవాళ్లు తయారుచేసుకున్న పద్ధతి కాబట్టి ఆ పేరు. మూడోది పొడవాటి స్పే లైన్, స్కాట్లాండ్ స్పే నది సంప్రదాయం. నాకు చేతకాలేదు, వెంటనే తిరిగిచ్చేశాను.

టి-11 అంటే మునిగే టిప్‌కు వాడే దారం, దాని లెక్క కూడా అక్కడే అర్థమైంది: అడుగుకు 11 గ్రెయిన్లు, పది అడుగుల ముక్క కడితే 110. ఈ బరువును స్కాజిట్ హెడ్ (లైన్‌లో బరువుండే ముందు భాగం) బరువులో కలిపి చూడకూడదు, 525 అంటే హెడ్ ఒక్కటే. ఇంకో మంచి మాట, లైన్ మొత్తం కొనక్కర్లేదు. వెనక రన్నింగ్ లైన్ అనే సన్నటి దారం ఒకటి ఉంచుకుని హెడ్లు లూపుకు లూపు తగిలించి మార్చుకోవచ్చు. రన్నింగ్ లైన్‌గా తంగూసు రకం బాగా జారి దూరం పోతుంది గానీ చల్లటి పొద్దుటిపూట వేళ్లకు దొరకదు, సాగదీయకపోతే స్ప్రింగులా చుట్టుకుంటుంది. కొత్తవాళ్లు పూత వేసినదే తీసుకోండి. నేను రెండు హెడ్లూ కొన్నాను, మోటెల్‌కు రెండో రాత్రి పెట్టాల్సిన డబ్బు అటు పోయింది.

రెండో రోజు గైడు. ఖరీదే, దాదాపు 600 డాలర్లు, టిప్పు వేరే. డెషూట్స్‌లో పడవలో కూర్చుని గాలం వేయడం నిషేధం, పడవ ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడానికే, పట్టాలంటే దిగి నీళ్లలో నిలబడాల్సిందే. అడుగున రాళ్లు నూనె రాసిన పొత్రాల్లా ఉంటాయి, మేకులున్న బూట్లు, చేతికర్ర లేకుండా దిగొద్దు. తెల్లవారుజామున లోయలో ఎండ పడకముందు స్కాండి వేయించాడు. అడ్డంగా, కాస్త దిగువకు విసిరి, లైన్ ఒడ్డుకు తిరిగేదాకా ఆగి, రెండడుగులు దిగువకు జరగడం, అంతే పని.

మధ్యాహ్నం నుంచి లోయలో గాలి దిగువ నుంచి ఎగువకు లేస్తుంది. మేం నదికి, నీళ్లు పోయే వైపు చూస్తే, కుడి ఒడ్డున ఉన్నాం, అలాంటప్పుడు లైన్ ఎడమ భుజం పక్కనుంచి పోవాలి, ఎడమ చెయ్యి పైన పట్టుకో అని గైడు రెండుసార్లు చెప్పాడు. నేను కుడిచేతి అలవాటు మానలేక డబుల్ స్పే అనే విసురు కుడి భుజం మీంచే వేశాను. ఫ్లై వచ్చి నా కాలర్‌లో, మెడకు అంగుళం దూరంలో గుచ్చుకుంది. ముల్లు నొక్కేసిన గాలం కాబట్టి లాగగానే వచ్చేసింది. మా బావ పడవలోంచి "చేప పడిందా?" అని అడిగాడు. ఆ రోజు చేప పడలేదు గానీ గైడు డబ్బు దండగ అనను, ఆ ఎడమ చెయ్యి పాఠం ఒక్కటే చాలు.

ఆ రాత్రి బీవర్‌టెయిల్ క్యాంప్‌గ్రౌండ్. షెరార్స్ వంతెన నుంచి మట్టిరోడ్డు, అది ఒకప్పుడు రైలు పట్టాలున్న కట్ట, పట్టాలు తీసేసి రోడ్డు చేశారు. అవతలి ఒడ్డున మాత్రం గూడ్సు బళ్లు ఇప్పటికీ పోతాయి, అర్ధరాత్రి కూడా. కరెంటు లేదు, మంటలు వేయనివ్వరు, గుంట మరుగుదొడ్లు, నీళ్లు మేమే మోసుకెళ్లాం, గిలక పాములున్నాయని బోర్డు. అయినా మోటెల్ కంటే వెయ్యి రెట్లు నయం, టెంటు జిప్పు తీస్తే నది. దారిలో షెరార్స్ జలపాతం దగ్గర వార్మ్ స్ప్రింగ్స్ తెగలవాళ్లు చెక్క మంచెల మీద నిలబడి పొడుగు కర్రల వలలతో చేపలు తోడుతుంటే మా బావ చాలాసేపు చూసి, "వీళ్లది పద్ధతి" అన్నాడు.

మూడో రోజు లేచేసరికి నీళ్లు బూడిద రంగు. మాపిన్ దిగువన కలిసే వైట్ రివర్ హుడ్ పర్వతం హిమానీనదం నుంచి వస్తుంది, ఎండ ముదిరినా వాన పడినా ఒండ్రు తెస్తుంది. కలిసే చోటుకు పైన నీళ్లు తేటగా ఉంటాయి, చాలామంది టెంట్లు పీకి అటు పోయారు. మా బావ ఇంకా నిద్ర లేవలేదు కాబట్టి మేం పోలేదు. స్కాండి విప్పి స్కాజిట్ తగిలించాను, పది అడుగుల టి-11, నల్లటి పెద్ద ఫ్లై. తొమ్మిది దాటాక, లైన్ తిరుగుతూ తిరుగుతూ ఒక రాయి పక్కన ఆగిపోయింది, రాయికే తగులుకుందనుకుని కర్ర ఎత్తబోయేలోపు రీలు కీచుమంది.

ఆరేడు పౌండ్లుంటుంది. స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి పోయి పెరిగి ఏరెక్కి వచ్చే రెయిన్‌బో ట్రౌట్, మన పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీదినట్టే. వీపు మీద తోక దగ్గరి చిన్న రెక్క కత్తిరించి ఉంటే హేచరీ చేప, ఉంచుకోవచ్చు. దీనికి ఆ రెక్క ఉంది, అంటే నదిలోనే పుట్టిన చేప, వదిలేయాలి. నీళ్లలోంచి ఎత్తకుండానే గాలం తీశాను, ఒక్క క్షణం నా చేతిలో ఆగి పోయింది. "పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు, నువ్వు ఇంత తగలేసి వదిలేస్తావా?" అని మా బావ ఒడ్డున తల పట్టుకున్నాడు. ఇలా ఏరెక్కి వచ్చే చేపలు తగ్గి 2021 శరదృతువులో ఇక్కడ స్టీల్‌హెడ్ పట్టడమే మూసేశారు, అందుకే గది బుక్ చేసేముందు ఆ ఏడాది రూల్స్ చూసుకోండి.

వేసవి, తేట నీళ్లు, పొద్దున సాయంత్రం అయితే స్కాండి, రంగు నీళ్లు, చలి అయితే స్కాజిట్, ఒకటే కొనే స్తోమత ఉంటే స్కాజిట్ కొని తేలే టిప్ ఒకటి జత చేసుకోండి. అసలు ట్రౌట్ లైన్ ఏమైందంటారా, మొన్న వేసవిలో వచ్చిన మా అమ్మ గ్యారేజీలో చూసి, దారం గట్టిగా ఉందని పెరట్లో సొరపాదుకు పందిరి కట్టింది.