వంగినా నిలిచిన ఇల్లు: చెషైర్‌లోని లిటిల్ మోర్టన్ హాల్

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నుంచి కాంగిల్టన్‌కు రైలులో చేరడం సులువే గాని, అక్కడి నుంచి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న లిటిల్ మోర్టన్ హాల్ అనే పాతకాలపు కొయ్య ఇంటికి వెళ్లడానికి ముందుగా మాట్లాడుకున్న ట్యాక్సీ ముప్పావుగంట ఆలస్యంగా రావడంతో మా ఉదయం సగం స్టేషన్‌లోనే గడిచిపోయింది. కారులో వెళ్లేవారికి ఈ చిక్కు లేదు. ఇల్లు ఏ34 రోడ్డుకు దగ్గరలోనే ఉంది.

అగడ్త ఇవతల నిలబడి చూస్తే దక్షిణపు వైపు గోడలు నిజంగానే వంకరగా కనిపిస్తాయి. ఈ ఇంటిని ఒకే నక్షా ప్రకారం కట్టలేదు. విలియం మోర్టన్ కాలంలో, 1504–08 ప్రాంతంలో, పెద్ద హాలుతో మొదలై, తరువాతి వారి చేతుల్లో సుమారు వందేళ్లపాటు నడిమి వాకిలి చుట్టూ పెరుగుతూ వచ్చింది. 1560 దశకంలో దక్షిణపు భాగం నెత్తిన సుమారు 21 మీటర్ల పొడవున లాంగ్ గ్యాలరీ అనే పొడవాటి గదిని కట్టి, దానిపైన బరువైన రాతి పలకలు పరిచారు. ఆ బరువుకే కింది దూలాలు వంగాయి. అయినా కూలలేదు. ఒక కొయ్య కొసను మరొక కొయ్య బెజ్జంలో దించి, చెక్క చీలలతో బిగించిన ఓక్ చట్రం కాస్త కదిలినా పట్టు వదలదు. చట్రం నడుమ ఖాళీలను ఆ రోజుల్లో తడికలు అల్లి, మట్టి మెత్తి పూడ్చేవారని విన్నప్పుడు మా ఊరి తాటాకిళ్ల గోడలు గుర్తొచ్చాయి. మనం ఫొటోల్లో చూసే నలుపు తెలుపుల రంగు మాత్రం విక్టోరియా కాలపు అలవాటు.

నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టినది వాకిట్లోని పొడుచుకు వచ్చిన కిటికీల మీది చెక్కడం. ఈ కిటికీలను 1559లో విలియం మోర్టన్ (అదే పేరుగల తరువాతి తరం వాడు) చేయించాడనీ, వడ్రంగి రిచర్డ్ డేల్ దేవుని దయతో చేశాడనీ అందులో ఉంది. యజమాని పేరుతోపాటు పనివాడి పేరునూ నిలిపిన ఇల్లు కనుక నాకు దీనిమీద గౌరవం పెరిగింది.

లోపల సామాను దాదాపు లేదు. మోర్టన్ల నాటివి మూడు వస్తువులే మిగిలాయి. కొందరికి అది వెలితిగా తోచవచ్చు, కాని కట్టడాన్ని చదవాలనుకునేవారికి ఇదే మేలు. పార్లర్ అనే కూర్చునే గదిలో పాత చెక్క పలకల వెనక 1976లో బయటపడిన గోడ చిత్రాలను తప్పక చూడాలి. 1938 నుంచి ఇల్లు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. అక్కడి వాలంటీర్లు మా ప్రశ్నలన్నిటికీ ఓపికగా, వివరంగా జవాబిచ్చారు. టీ గదిలో కూర్చునే చోటు తక్కువ.

గ్యాలరీకి వెళ్లే మెట్లు ఇరుకు, నేల ఎగుడుదిగుడు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు కిందే ఆగిపోయి, మేము దిగేవరకు తోటలో కూర్చున్నారు. రాత్రికి కాంగిల్టన్‌లోని చిన్న బసలో దిగాము. గది శుభ్రంగా ఉంది గాని, శాకాహారులకు ఉదయం రొట్టె, పుట్టగొడుగులు తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు. ట్యాక్సీ కుదిరితే మాంచెస్టర్‌లోనే బస చేసి, ఇల్లు తెరిచే వేళకే చేరుకుని, వాకిట్లో వెలుగు మారేదాకా ఉండడం మంచిది.