ర్యాపిడ్ సముద్రం డేటా: ఏళ్ళ తరబడి వాడాక నా రివ్యూ

నేను బరంపురంలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, క్లాసులో సగం తెలుగోళ్ళు సగం ఒడియా వాళ్ళు. ప్రాజెక్టులకి చాలా ఏళ్ళుగా అట్లాంటిక్‌లో 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర తీసే ర్యాపిడ్ డేటానే ఇస్తున్నాను. ర్యాపిడ్ అంటే అక్కడ సముద్రంలో నీరు ఎంత కదులుతోందో, దాంతో వేడి ఎంత పోతోందో కొలిచే పరిశోధన ప్రాజెక్టు. 2004 ఏప్రిల్ నుంచి ఉంది, పూర్తిగా ఫ్రీ. వాతావరణ మార్పు గురించి మాట్లాడే ముందు ఎవరైనా ఒక్కసారి దీంతో కుస్తీ పట్టాలంటాను.

గోపాల్‌పూర్ నుంచి వచ్చే ఒకమ్మాయి, వాళ్ళ నాన్న వేటకెళ్తాడు, "సార్, నీళ్ళ వేడి చూడ్డానికి థర్మామీటర్ దింపితే సరిపోద్ది కదా, ఇంత పనేటి?" అనడిగింది. సరిపోదమ్మా అన్నాను. వెచ్చటి నీరు పైపైన ఉత్తరానికి పోతుంది, చల్లబడింది లోతున దక్షిణానికి తిరిగొస్తుంది, ఎంత నీరు కదిలింది, పోయేదానికీ వచ్చేదానికీ వేడిలో తేడా ఎంత, రెండూ తెలిస్తేనే లెక్క తేలేది. బహామాస్ నుంచి ఆఫ్రికా దాకా ప్రతిచోటా ప్రవాహం కొలవడం అయ్యే పని కాదు కాబట్టి సముద్రం అడుక్కి లంగరేసిన తీగలకి సెన్సార్లు కట్టి ఉప్పు, వేడి, ఒత్తిడి రికార్డు చేస్తారు, రెండు చివర్ల సాంద్రత తేడా, భూమి తిరుగుడు కలిపి చూస్తే మధ్యలో నీరు ఎంత పోతోందో వస్తుంది. ఫ్లోరిడా జలసంధిలో మాత్రం సముద్రం కింద వేసిన టెలిఫోన్ కేబుల్‌తో పని, ఉప్పునీరు భూమి అయస్కాంత క్షేత్రంలో కదిలితే పుట్టే వోల్టేజీని 1982లో చదవడం మొదలుపెట్టారు. మనం బోర్డు మీద చెప్పే ఫారడే సూత్రమే, ఇది చెప్పినరోజు వెనక బెంచీ కూడా లేచి కూచుంటుంది.

సగటున సెకనుకి సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్ల నీరు, దాంతోపాటు ఉత్తరానికి పోయే వేడి సుమారు 12 కోట్ల కోట్ల వాట్లు.

అసలు సంగతి ట్రెండు. 2009-10లో ప్రవాహం ఒక్కసారిగా 30 శాతం దాకా పడిపోయింది, 2012 వరకే గీత గీస్తే ఇంకేముంది సముద్రం ఆగిపోతోంది అనిపిస్తుంది, పిల్లలు భయపడతారు కూడా. తర్వాతి ఏళ్ళు కలపగానే ఆ వాలు చాలా తగ్గుతుంది. ఒక ఏడు వానలు ఎగ్గొట్టాయని రుతుపవనాలే పోయాయంటామా, అలాగే. బలహీనపడటం లేదని నేననట్లేదు, పడుతున్న సూచనలున్నాయి, కానీ ఏడాదికేడాది ఊగిసలాటే ఇంతుంటే 20 ఏళ్ళు చిన్న కాలం.

నాకు దీనిమీద గౌరవం ఇంకా పెరిగింది 2024లో. భూమి అయస్కాంత క్షేత్రం కూడా మెల్లగా మారుతుంది కదా, కేబుల్ లెక్కలో ఆ మార్పు కలపలేదని గుర్తించి సరిచేశారు, చేస్తే ఫ్లోరిడా ప్రవాహం 40 ఏళ్ళుగా దాదాపు నిలకడగానే ఉందని తేలింది, మొత్తం ప్రవాహంలో తగ్గుదల కూడా ముందు అనుకున్నదానికన్నా చిన్నదైంది. దాచకుండా పేపరేసి మరీ చెప్పారు. నిజమైన సైన్సు ఎలా నడుస్తుందో చూపించడానికి నాకు ఇంతకన్నా మంచి పాఠం దొరకలేదు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఓడ వెళ్ళి తీగలు పైకి లాగితే గానీ కొత్త డేటా రాదు, కాబట్టి నిన్నమొన్నటి సంగతి కావాలంటే ఇక్కడ దొరకదు. డేటా నెట్‌సీడీఎఫ్ అనే ఫార్మాట్‌లో ఉంటుంది, ఆ ఫైలు ఎక్సెల్‌లో నేరుగా తెరుచుకోదు, పైథాన్ ప్రోగ్రామింగ్ కొంచెం నేర్చుకోవాలి. నీటి ప్రవాహం ఫైలు వేరు, వేడి ఫైలు వేరు, చాలామంది మొదటిది తీసుకుని వేడి గురించి రాసేస్తుంటారు. అక్కడ వేడిలో దాదాపు 90 శాతం ఈ ప్రవాహమే మోస్తుంది కాబట్టి రెండు గ్రాఫులూ ఒకేలా కనిపిస్తాయి, అయినా ఒకటి కాదు.

ఇంకోటి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ఏళ్ళ అంకెలు కూడా మారొచ్చు. డౌన్‌లోడ్ చేసినరోజే వెర్షన్ నంబరు, తేదీ రికార్డు బుక్కులో రాయించండి, లేకపోతే సీనియర్ గ్రాఫూ జూనియర్ గ్రాఫూ ఎందుకు కలవలేదో వైవాలో ఇద్దరూ చెప్పలేరు.