అంతా బాగుంది, ఆ కొళాయి తప్ప

చేపలు పట్టే మెత్తటి ప్లాస్టిక్ ఎరలు ఇంట్లోనే పోసుకోవడానికి ప్లాస్టిసాల్ (పీవీసీ కలిసిన ద్రవం, వేడి చేసి అచ్చులో పోస్తే రబ్బరులా బిగుస్తుంది) కరిగించే ఎలక్ట్రిక్ కుండ ఒకటి కొన్నాను. దాని మీద నాకున్న కోపమంతా అడుగున బిగించిన చిన్న కొళాయి మీదే. మిగతా కుండకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. వేడి నిలబడుతుంది, లోపల కలిపే మోటారు తన పని తాను చేసుకుపోతుంది, మైక్రోవేవ్ ముందు గాజు కప్పు పట్టుకుని నిలబడే బాధ తప్పింది. కానీ కరిగినదంతా బయటికి రావాల్సింది ఆ కొళాయిలోంచే కదా.

మేం డాలస్‌కు ఉత్తరాన ఉంటాం. వారాంతాల్లో రే రాబర్ట్స్, లూయిస్‌విల్ చెరువులు. సెలవు దొరికితే లేక్ ఫోర్క్. టెక్సస్ రికార్డు లార్జ్‌మౌత్ బాస్ చేప, 18.18 పౌండ్లది, 1992లో పడింది అక్కడే. అందుకే అందరి కన్నూ ఆ చెరువు మీదే. ఉప్పు కలిపిన ఐదంగుళాల స్టిక్ ఎరలు (పుల్లలా తిన్నగా ఉండేవి) ఒకటి రెండు చేపలకే చిరిగిపోతాయి. మా గుంపులో ఒకరి తర్వాత ఒకరు "అన్నా, నాకూ ఓ ప్యాకెట్" అనడం మొదలుపెట్టాక గాజు కప్పుతో సాగలేదు. ఒక్కో ఎర సుమారు పది గ్రాములు. గ్యాలన్ ప్లాస్టిసాల్ ఖాళీ అయ్యేసరికి మూడొందలకు పైగా వస్తాయి. కప్పుతో అయితే రెండు మోల్డులు (అచ్చులు) నింపేలోపే చల్లారుతుంది, మళ్లీ వేడి చేయాలి, వేడి చేసిన ప్రతిసారీ కాస్త పసుపెక్కుతుంది.

కుండ వచ్చిన కొత్తలో నన్ను పడేసింది కలిపే మోటారు. గ్రీన్ పంప్‌కిన్ రంగు పోసేవాళ్లకు తెలుసు, అందులో నల్ల మెరుపు పొడి ఎంత త్వరగా అడుక్కి దిగుతుందో. కప్పులో మొదటి ఎరకు చుక్కలు తక్కువ, చివరి దానికి తోకంతా నలుపు. కుండలో అలా కాదు. మొదటి మోల్డులోంచి తీసినదాన్నీ చివరి దాన్నీ పక్కపక్కన పెట్టి వెలుతురులో చూస్తే ఏది ముందుదో నేనే చెప్పలేకపోయాను. ఆ ఊపులో కనిపించిన ప్రతివాడికీ మైక్రోవేవ్ పారేయమని చెప్పాను.

ఇక కొళాయి సంగతి. జులైలో ఒక శనివారం సాయంత్రం, గ్యారేజ్ తలుపు పూర్తిగా ఎత్తి, ఫ్యాను బయటికి తిప్పి పెట్టి, నలుపులో నీలం మెరుపు వేసిన స్టిక్ ఎరలు పోద్దామని కూర్చున్నాం. ఉప్పు బాగానే వేశాను, నీళ్లలో మునిగే వేగం దాంతోనే వస్తుంది. పక్క వీధి కుర్రాడొకడు సాయానికి వచ్చాడు. థర్మామీటర్ 350 ఫారెన్‌హీట్ చూపిస్తోంది, అంటే 177 సెల్సియస్. వాడు ఇంజెక్టర్‌ను, అంటే కరిగినదాన్ని మోల్డులోకి నెట్టే పెద్ద సిరంజిని, కొళాయి కింద పెట్టి పిడి తిప్పాడు. ఏమీ రాలేదు. పూర్తిగా తిప్పాడు. దారంలా ఒక పోగు దిగి, సగంలో ఆగి, అక్కడే వేలాడింది.

"అన్నా, ఇది గడ్డకట్టినట్టుంది" అన్నాడు.

కొళాయి మెడ మీద నల్ల టేపు ముక్క అంటించి, తాకకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టాను. మెరిసే స్టీలు మీద నేరుగా పెడితే అది తప్పు చూపిస్తుంది. 190 చిల్లర ఉంది. లోపల 350, రెండంగుళాల కింద 190! ఆ వేడిలో ప్లాస్టిసాల్ పారదు, రబ్బరులా బిగుసుకుని కూర్చుంటుంది. కుండ చుట్టూ హీటర్ ఉంది, కొళాయి దగ్గర ఏమీ లేదు, ఆ లోహం గాలికి వేడిని వదిలేస్తూనే ఉంటుంది. తయారుచేసినవాళ్లకు ఇది తెలియకుండా ఉంటుందా?

సరే, హీట్ గన్ తెచ్చి మెడ మీదికి పెట్టాను. కుండ 1,300 వాట్లు, గన్ 1,500. మా గ్యారేజ్ లైను 15 ఆంపులది, 120 వోల్టుల దగ్గర అది మోసేది 1,800 వాట్లు. టప్‌మని బ్రేకర్ పడిపోయింది. దాంతో పాటు కలిపే మోటారూ ఆగింది. అసలు కథ అక్కడే చెడింది. మోటారు ఆగగానే ఉప్పంతా నెమ్మదిగా అడుక్కి, అంటే సరిగ్గా కొళాయి నోటి మీదికి దిగడం మొదలైంది. బ్రేకర్ మళ్లీ ఎత్తి, ఇంట్లోంచి పొడుగు వైరు లాగి గన్ దానికి తగిలించేసరికి పుణ్యకాలం గడిచిపోయింది. అదే లైను మీదున్న ఫ్రీజర్ గురించి మా ఆవిడ అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాయను.

ఇంతలో ముక్కు పుటాలు మండే ఘాటు మొదలైంది. నలుపు రంగు కదా, మాడుతున్నది కంటికి కనపడదు, వాసనే చెప్పాలి. పీవీసీ మాడితే వచ్చేది హైడ్రోజన్ క్లోరైడ్, దాంతో ఆటలొద్దు. స్విచ్ తీసేసి ఇద్దరం బయటికొచ్చి నిలబడ్డాం. ఘాటు తగ్గాక ఇంకా పారుతున్నంత మేరకు గరిటెతో గాజు కప్పులోకి తోడి, పాత పద్ధతిలోనే నాలుగు మోల్డులు నింపాం. మిగిలింది కుండలోనే గడ్డకట్టింది.

మర్నాడు కొళాయి విప్పాను. లోపల్నుంచి బొటనవేలంత నల్ల బిరడా వచ్చింది. ఒక కొస నున్నగా ఉంది, రెండో కొస నిండా ఉప్పు రేణువులు, గోటితో గీస్తే గరగరమన్నాయి. వాల్వు బంతి మీద సన్నటి గీతలు పడ్డాయి. ఆ రోజు నుంచి కొళాయి మూసినా ఉండుండి ఒక బొట్టు కారుతూనే ఉంది. ఎందుకైనా మంచిదని కింద అల్యూమినియం ట్రే పెడతాను.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపాను. ఉప్పు కలిపిన ప్లాస్టిక్‌కు ఈ వాల్వు సిఫారసు చేయం అని జవాబొచ్చింది. కుండతో వచ్చిన కాగితంలో ఆ ముక్క ఎక్కడా లేదు. పైగా వాళ్ల ప్రకటన ఫొటోలో ఉన్నవి స్టిక్ ఎరలే!

అయినా కుండ వదల్లేదు. ఇప్పుడు ఉప్పు కుండలో వేయను. రంగు, మెరుపు మాత్రమే వేసి, కప్పులోకి పట్టాక ఉప్పు కలిపి వెంటనే ఇంజెక్టర్‌లోకి లాగుతాను. కొళాయి మెడకు కార్ల ఎగ్జాస్టుకు చుట్టే ఫైబర్‌గ్లాస్ పట్టీ చుట్టాను. మొదట దిగే చల్లటి మందపాటి ముద్దను పట్టి మళ్లీ కుండలోనే వేస్తాను. రెండు మూడుసార్లు అలా చేస్తే మెడ వేడెక్కి ధార సాఫీగా వస్తుంది. ఉప్పు లేని క్రా (మంచినీటి రొయ్యలాంటి జీవి ఆకారం) ఎరలకు, వంకర తోక పురుగు ఎరలకు ఇప్పుడు ఏ పేచీ లేదు.

మోటారు గురించి ముందు చెప్పిందాంట్లోనూ కొంచెం తగ్గించుకోవాలి. పచ్చి ప్లాస్టిసాల్ వేడెక్కేటప్పుడు మధ్యలో ఒకసారి ఉప్మాలా ముద్దకడుతుంది. అప్పుడు మోటారు మూలుగుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. ఆ కాసేపు మూత తీసి చెక్క గరిటెతో గోడలు గీకాల్సిందే. వేగం పెంచితే గాలి బుడగలు లాగేస్తుంది. మొదటి ఎరకూ చివరి ఎరకూ తేడా కనపడదన్న మాట కూడా ముదురు రంగుల వరకే. తెల్లవి, పారదర్శకమైనవి అయితే గంటల తరబడి వేడిలో ఉంటే స్టెబిలైజర్ (వేడికి చెడకుండా కలిపే మందు) వేసినా పసుపు ఛాయ వస్తుంది. అలాంటి వాటికి నేనిప్పటికీ మైక్రోవేవే వాడుతున్నాను, కొద్దికొద్దిగా.

కొనాలా వద్దా అంటే, మీరు ఎంత పోస్తారు, ఎక్కడ పోస్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు వద్దు, ఆ వాసనకు పక్కవాళ్లు ఊరుకోరు. టెక్సస్ ఎండాకాలంలో గ్యారేజ్‌లో పోసేవాళ్లు నుదుటికి గుడ్డ కట్టుకోండి, చెమట బొట్టు కుండలో పడితే చిమ్మి మీదికొస్తుంది. తమ కోసం, నలుగురు స్నేహితుల కోసం, ఎక్కువగా ముదురు రంగులు పోసేవాళ్లకు పనికొస్తుంది. అమ్మడానికైతే నా అనుభవం సరిపోదు. నేను హెచ్1బి మీద ఉన్నాను, ఉద్యోగం తప్ప పక్క వ్యాపారం చేయడానికి లేదు. వీలున్నవాళ్లు మాత్రం కుండ ధరతో పాటు ఒకటి లెక్కలో పెట్టుకోండి. ఎరలు తయారుచేసి అమ్మితే ధర మీద 10 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంటుంది, ఫారం 720లో చూపించి కట్టాలి. ఇంట్లో చేసినవే కదా అంటే కుదరదు.

అదే కంపెనీ ఇప్పుడు కొళాయికి విడిగా హీటర్ కట్టిన కుండ అమ్ముతోంది, ధర బాగానే పెంచి. చూస్తే చెయ్యి లాగుతోంది గానీ, గ్యారేజ్‌లోకి ఇంకో 20 ఆంపుల లైను లాగించేదాకా దాని జోలికి పోను.