సమాజం ఎటు పోతోందో చెప్పే సర్వేల్లో ఏది మేలు?

గ్రూప్స్‌కి చదివేవాళ్లు, జిల్లా విలేకరులు, పల్లెల్లో పనిచేసే సంస్థలవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. జనం బతుకులు ఎలా మారాయో చెప్పాలంటే ఏది పట్టుకోవాలి? జనాభా లెక్కలా, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్సా (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే), ఎన్‌ఎస్‌ఎస్సా (ఇళ్ల ఖర్చుల్లాంటివి అడిగే జాతీయ నమూనా సర్వే)? దేని బలం దానిదే. నా మొగ్గు మాత్రం ఈ మూడింటిలో దేనివైపూ కాదు, చాలామంది పేరు కూడా వినని నాలుగో రకంవైపు. ఎందుకో చెబుతాను.

జనాభా లెక్కల సంగతి త్వరగా ముగిద్దాం. ఊరి స్థాయి దాకా అంకెలిచ్చేది అదే, మిగతా సర్వేల శాంపిల్‌కి ఆధారమూ అదే. కానీ చివరిసారి జరిగింది 2011లో. 2021లో జరగాల్సింది కోవిడ్‌తో ఆగింది. కొత్త లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఆహార భద్రతా చట్టం కింద ఎంతమందికి రేషన్ అనేది ఈలోగా 2011 జనాభా మీదే నడిచింది. ఈసారి కులాల లెక్క కూడా ఉంటుంది కాబట్టి వాటి విలువ పెరుగుతుంది. అయినా ఇంత ఆలస్యంగా వచ్చే అంకెలతో మార్పును కనిపెట్టుకుని ఉండలేం.

ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ మీద నాకు గౌరవం ఎక్కువ. 1992-93లో మొదలై, 2019-21 నాటికి ఐదు విడతలైంది. నాలుగో విడత నుంచి జిల్లా అంకెలూ వస్తున్నాయి. దేశంలో ఒక మహిళకు సగటు సంతానం 3.4 నుంచి 2.0కి తగ్గిందని తెలిసింది ఈ వరుసలోంచే. ఐదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7, తెలంగాణలో 1.8. ఇద్దరు పిల్లలు దాటితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తీసేసిందంటే దాని వెనక ఉన్నది ఇలాంటి అంకెల ధోరణే. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లేనని, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని చెప్పిందీ ఈ సర్వేనే. ఇవి చూసి కూడా ఆరోగ్యశాఖ కదలకపోతే లోపం సర్వేది కాదు.

దాని ఇబ్బంది వేరేచోట ఉంది. పిల్లల్లో రక్తహీనత నాలుగో విడతలో 58.6 శాతం, ఐదో విడతలో 67.1. వేలి చివర నుంచి తీసే చుక్క రక్తంతో కొలిస్తే హిమోగ్లోబిన్ సరిగ్గా తెలియదనే వాదన లేచింది. ఆరో విడతలో ఆ పరీక్షనే తీసేసి, నరం నుంచి రక్తం తీసి కొలిచే వేరే సర్వేను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించారు. కొలత మెరుగుపడిందనే అనుకుందాం. పాత అంకెలతో పోల్చే దారి మాత్రం పోయింది.

ఎన్‌ఎస్‌ఎస్ ఖర్చుల సర్వేకు ఇదే జబ్బు ఇంకా ముదిరింది. 1999-2000లో ఏడు రోజుల ఖర్చునూ, ముప్పై రోజుల ఖర్చునూ ఒకే ఇంట్లో పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు ఇంకోదాన్ని ప్రభావితం చేసింది. ఆ దశాబ్దంలో పేదరికం ఎంత తగ్గిందన్నది ఏళ్ల తరబడి తగవైంది. 2017-18 సర్వేను అసలు విడుదలే చేయలేదు. 2022-23లో ఒకసారికి బదులు మూడుసార్లు ఇంటికి వెళ్లి అడిగారు. పద్ధతి మంచిదే, కానీ 2011-12తో నేరుగా పోల్చలేం. మార్పు కొలవాలంటే ముందు ప్రశ్న మారకుండా ఉండాలి.

ఉపాధి సంగతికి ప్రభుత్వ కార్మిక సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్ చాలు, 2025 ఏప్రిల్ నెల నుంచి నెలనెలా అంకెలిస్తోంది. ప్రైవేటు సంస్థ సీఎంఐఈ చేసే సర్వేను డబ్బు కట్టి కొనాలి, పైగా నిరుపేద ఇళ్లు అందులో తక్కువగా పడుతున్నాయన్న విమర్శ ఉంది.

ఇక నాలుగో రకం: అవే కుటుంబాల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లే ప్యానెల్ సర్వే.

ఒక ఊళ్లో వందలో ఇరవై ఇళ్లు పేదవి, పదేళ్లకు పద్దెనిమిది అయ్యాయనుకోండి. రెండు ఇళ్లు బాగుపడ్డాయని రాసేస్తాం. కానీ పద్నాలుగు ఇళ్లు బయటపడి, పన్నెండు కొత్తగా పడిపోయి ఉండొచ్చు. ఇది ఊహ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 36 గ్రామాల్లో పరిశోధకుడు అనిరుధ్ కృష్ణ చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. పాతికేళ్లలో 14 శాతం కుటుంబాలు పేదరికం నుంచి బయటపడితే 12 శాతం కొత్తగా అందులో పడ్డాయని అది తేల్చింది. పడేసినవి జబ్బులు, ఆస్పత్రి ఖర్చులు, వడ్డీ అప్పులు, పెళ్లి ఖర్చులు. ఆయన ఊరివాళ్ల జ్ఞాపకాల ఆధారంగా గతాన్ని తవ్వారు. ప్యానెల్ అయితే అది జరుగుతుండగానే నమోదు చేస్తుంది.

పాలసీ చేసేవాళ్లకు ఇదే కీలకం. ఎప్పటినుంచో పేదలైనవాళ్లకు భూమి, చదువు, పింఛను కావాలి. జారిపడేవాళ్లకు వైద్య ఖర్చుల భరోసా, పంట బీమా, తక్కువ వడ్డీ అప్పు కావాలి. మొత్తం శాతం ఒక్కటే చూస్తే ఎవరు ఎక్కువో తెలియదు. ఢిల్లీలోని ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్, అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం కలిసి నడిపే ప్యానెల్ సర్వే ఐహెచ్‌డీఎస్ 2004-05లో 41,554 కుటుంబాలతో మొదలైంది, 2011-12లో వాటిలో 83 శాతం ఇళ్లను మళ్లీ కలిసింది. 2022-24 విడత ఆధారంగా ఎన్‌సీఏఈఆర్ పరిశోధకులు పేదరికం 8.5 శాతమని లెక్కగట్టారు. అందులో పుట్టుపేదలు 3.2, బతుకులో ఎదురుదెబ్బ తగిలి పడిపోయినవాళ్లు 5.3. ఇది నిజమైతే పాత పేదల జాబితాతో పంచే పథకాలు సగానికి పైగా మందిని చేరవు.

మన తెలుగు నేల మీదే ఇంకో గొప్ప ప్యానెల్ ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ 2002 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దాదాపు 3,000 మంది పిల్లల జీవితాలను వెన్నంటి చూస్తోంది. కరువు దెబ్బకు ఎదుగుదల కుంటుపడిన పసిపిల్లలు, బడికి వచ్చి మధ్యాహ్న భోజనం తిన్నాక ఆ లోటును పూడ్చుకున్నారని తేలింది ఈ డేటాతోనే. మధ్యాహ్న భోజనం మీద ఖర్చు పెట్టాలా వద్దా అని అడిగేవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

లోపాలు లేవనను. ఐహెచ్‌డీఎస్ జిల్లా అంకెలివ్వదు, విడతల మధ్య ఏడేళ్లు, పదేళ్లు గడిచిపోతాయి. యంగ్ లైవ్స్ పిల్లలను పేద ప్రాంతాల నుంచే ఎక్కువగా తీసుకున్నారు, కాబట్టి రాష్ట్రమంతటికీ సగటు చెప్పదు. వలసపోయిన కుటుంబాలు చేజారుతుంటాయి. అందుకే మీ జిల్లాలో సిజేరియన్లెన్ని అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ తెరవండి, ఊరి జనాభా అంటే జనాభా లెక్కలు. ఒక పథకం ఎవరి బతుకును మార్చిందో తెలియాలంటే ప్యానెల్ తప్ప దారి లేదు.

అలాంటిది రాష్ట్రాలే నడపొచ్చని నా గట్టి అభిప్రాయం. తెలంగాణ 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది, 2024 నవంబరు నుంచి కులాల సర్వేకి మళ్లీ గడప గడపా తొక్కింది. రెండింటి అవసరాలు వేరు, ప్రశ్నలు వేరు. ఆ రెండో సర్వే జాబితా నుంచి ఓ అయిదు వేల ఇళ్లను ఎంపిక చేసి, రెండేళ్లకోసారి అవే ప్రశ్నలు అడిగితే ఖర్చు అందులో చిన్న భాగమే అవుతుంది. బాధ్యతను శాఖలకు కాక, యంగ్ లైవ్స్‌తో పనిచేసిన అనుభవమున్న హైదరాబాద్ బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) లాంటి సంస్థకు ఇవ్వాలి. పేర్లు తీసేసిన డేటాను అందరికీ ఉచితంగా పెట్టాలి. పాలమూరు నుంచి ముంబయికో, కరీంనగర్ నుంచి దుబాయ్‌కో పోయినవాళ్లను జాబితాలోంచి కొట్టేయకుండా ఫోన్‌లోనైనా పలకరించాలి. కోవిడ్ రోజుల్లో యంగ్ లైవ్స్ ఫోన్ మీదే సర్వే నడిపింది.