అనంతపురంలో బోరు అనుమతి సేవ: అర్జీ సులువే, కొలతే కష్టం

అనంతపురం వైపు బోరు వేయాలంటే ముందు పాయింటు (బోరు వేసే చోటు) చూసేవాళ్లను పిలుస్తారు, తర్వాత బోరు బండిని. అనుమతి గుర్తొచ్చేది చివర్లోనే. వరస తిరగబడింది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ఇచ్చే ఈ అనుమతి సేవకు మా లెక్కలో ఐదుకు మూడున్నర.

అర్జీ పెట్టడం చిన్న పనే. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూమి ఎవరిదో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) నకళ్లు ఇచ్చి రసీదు తీసుకోవడమే. చిక్కంతా 1బి దగ్గర. నాయన పేరు మీదున్న పొలానికి మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కాకముందే కొడుకు అర్జీ పెట్టినా, సర్వే నంబరు సబ్‌డివిజన్ అయ్యి పుస్తకంలోకి ఎక్కకపోయినా ఫైలు కదలదు. అది సరిచేయించుకున్నాకే అర్జీ.

ఇక దూరం. ఊరికి తాగునీళ్లిచ్చే ప్రభుత్వ బోరుకు 250 మీటర్ల లోపు పడితే చట్టం అడ్డొస్తుంది. కొలవాల్సింది పొలం గట్టు నుంచి కాదు, మీ పాయింటు నుంచి. అదీ ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా కాదు, ఆ ట్యాంకుకు నీళ్లెక్కించే బోరు దాకా. ట్యాంకు చూసి దూరమే కదా అనుకున్నవాళ్ల అర్జీలు ఇక్కడే పోతాయి. నీటి జాడ సర్వే చేయించేటప్పుడే రెండు పాయింట్లు గుర్తు పెట్టించుకుంటే ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. భూగర్భ జలాలు మితిమీరి తోడేసినట్టు నోటిఫై చేసిన ఊళ్లలో సాగు బోరుకు దారి మూసుకున్నట్టే. ఆ జాబితా చూడకుండా సర్వేకి డబ్బు పెట్టకండి.

మార్కులు తగ్గింది పాయింటు తనిఖీకి రావాల్సిన జియాలజిస్టు రాక దగ్గర. ఎండలు ముదిరాక అందరూ ఒక్కసారే అర్జీలు పెడతారు, తనిఖీ వెనకబడుతుంది. వానలు పోగానే పెట్టుకోవడం మేలు. ఒక మాట: అనుమతి అంటే నీళ్లకు హామీ కాదు. ఇక్కడి గ్రానైటు, నీస్ రాళ్లలో నీళ్లుండేది పైనున్న మొరం పొరలో, కింద పగుళ్లలో. రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి చూసేది) పగుళ్లుండే చోటు సూచిస్తుంది గానీ రెండించుల నీళ్లా, ఉత్త దుమ్మా అన్నది చెప్పలేదు.

బండికీ వాల్టా కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన బండైనా సరే. కాగితం చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. అడుగు రేటు లోతుకెళ్లే కొద్దీ పెరుగుతుంది కాబట్టి దింపిన రాడ్లు మీరే లెక్కపెట్టి ఒక్కో రాడ్డు పొడవుతో హెచ్చవేసుకోండి.

సుప్రీంకోర్టు 2010లో పెట్టిన షరతులు అనుమతి చేతికొచ్చాక ఎవరికీ పట్టవు. పని మొదలుపెట్టడానికి కనీసం 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి, తవ్వే చోట బోర్డు, చుట్టూ కంచె ఉండాలి. కేసింగ్ (బోరు పైభాగంలో దింపే పైపు) చుట్టూ 0.50×0.50×0.60 మీటర్ల కాంక్రీటు దిమ్మె కట్టాలి, ఎత్తులో సగం నేల లోపల, సగం పైన. బోరు ఫెయిలైతే అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. కానీ జరిగేది వేరు: కేసింగ్ పీక్కెళ్లి మూతి మీద ఒక బండ పెడతారు. పట్టు లేని మట్టి జారి మూతి పెద్దదవుతుంది, బండ నిలవదు. బోరులోంచి వచ్చిన రాతిపొడి పక్కనే కుప్పగా ఉంటుంది, చాలకపోతే మట్టి, గులకరాళ్లు కలపొచ్చు. బండి కదలకముందే పూడ్పించి, ఆ తర్వాతే బిల్లు కట్టండి.